లంక అంటే దీవేనా? గోదావరి లంకలకు ఆ పేరు ఎలా వచ్చింది?

వేకువచుక్క
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. స్కూల్లో భూస్వరూపాలకు మన ప్రాంతపు పేర్లు పట్టిక రాసుకురమ్మన్నారు. కొండ, గుట్ట, కనుమ, లోయ, దిబ్బ, తిప్ప దాకా బాగానే సాగింది. లంక దగ్గరికి వచ్చేసరికి "రావణుడి లంక, అమ్మమ్మవాళ్ల లంక ఒకటే మాటా? అయితే దీన్ని దీవి అని ఎందుకు అనరు?" అని అడిగింది. అమ్మమ్మవాళ్లది కోనసీమ. నేను హైదరాబాద్‌లో పెరిగినదాన్ని, సరైన జవాబు చెప్పలేకపోయాను. నిఘంటువులో "ఏటి నడిమి దీవి" అని ఉంది. అంతేనా? ఆ మాట ఎక్కడిదో తెలిసినవారు చెప్పండి.

గోదారిగట్టు
అమ్మా, నిఘంటువు చెప్పింది తప్పు కాదు గానీ అందులో సగమే ఉంది. మా కుటుంబం మూడు తరాలుగా లంక సేద్యం చేస్తోంది. మేం లంక అనేది కేవలం చుట్టూ నీళ్లున్న చోటును కాదు. ఏరు తెచ్చి పోసిన నేలను.

అది ఎలా పుడుతుందో చెబుతాను. వరద తీశాక ఏటి నడుమ ఇసుక మేట వేస్తుంది. మొదటి ఏడు అది ఒట్టి ఇసుక తిప్ప. మరుసటి వరదకు కొట్టుకుపోవచ్చు కూడా. పోకుండా నిలిస్తే దానిమీద రెల్లు మొలుస్తుంది. అసలు పని చేసేది ఈ రెల్లే. దాని వేళ్లు ఇసుకను పట్టి ఉంచుతాయి, దుబ్బులు వరద నీటి జోరు తగ్గిస్తాయి. నీరు నెమ్మదిస్తే అందులోని ఒండ్రు కిందికి దిగుతుంది. అలా ఏటా ఒక పొర. ఇసుకమీద ఒండ్రు మందంగా పేరుకున్నాక రైతు పడవలో నాగలి వేసుకుని వెళ్తాడు. అప్పటినుంచి దాన్ని లంక అంటాం. అంతకుముందు తిప్పే.

పుట్టినట్టే పోతుంది కూడా. ఒక పక్క మేట వేస్తే ఇంకో పక్క కోత పడుతుంది. కాపుకొచ్చిన కొబ్బరి చెట్లు గట్టుతో సహా ఏట్లోకి ఒరిగిపోవడం మా వైపు ప్రతి ఊళ్లోనూ చూసినవాళ్లున్నారు. అందుకే ప్రభుత్వ రికార్డుల్లో లంక భూములు మామూలు పట్టా భూముల్లా ఉండవు. గట్టిగా నిలిచిన లంక వేరు, కోతకు గురయ్యే లంక వేరు అని ఏ, బీ, సీ తరగతులు చేశారు.

ఇంకో మాట. ఒక పాయ పూడిపోయి లంక గట్టుకు కలిసిపోయినా మేం దాన్ని లంక అనే అంటాం. ఏటిగట్టుకు లోపలి వైపు, అంటే వరద తగిలే వైపు ఉన్న ఒండ్రు నేలంతా మాకు లంకే. నీళ్లు నాలుగు వైపులా ఉన్నాయా, మూడు వైపులా ఉన్నాయా అన్నది లెక్క కాదు.

వేకువచుక్క
చాలా సంతోషం అండీ. తిప్ప ముదిరితే లంక అని రాసుకుంది. మరి రావణుడి లంక సంగతి?

పదజాడ
మాట పుట్టుక గురించి నాకు తెలిసినంత చెబుతాను. ఇందులో రెండు దారులు ఉన్నాయి.

ఒకటి, చాలామంది అనుకునేది. రామాయణంలో లంక నీటి నడుమ ఉంది, కాబట్టి నీటి నడుమ ఉన్న నేలనల్లా జనం లంక అనడం మొదలుపెట్టారు అని. రెండోది దీనికి తిరగబడిన దారి. లంక అనేది ముందే వాడుకలో ఉన్న మామూలు మాట, నీటి నడిమి మెరకకు పేరు, అదే కావ్యంలో ఊరి పేరైంది అని.

మొదటి దారికి ఒక చిక్కుంది. వాల్మీకి రామాయణంలో లంక ప్రధానంగా నగరం పేరు. త్రికూట పర్వతం మీద కట్టిన నగరం, ప్రాకారాలు, ద్వారాలు, అశోకవనం ఉన్న పట్నం. ఆ కథ విన్న మనిషికి లంక అనగానే బంగారు మేడలు గుర్తొస్తాయి గానీ రెల్లు మొలిచిన ఇసుక మేట గుర్తుకు రాదు.

ఇంకా బలమైన సంగతి, మనం ఆ మాటను ఎక్కడ వాడతాం అన్నది. కథనుంచే వచ్చి ఉంటే సముద్రంలో ఉన్న దీవులకు ముందు ఆ పేరు పడాలి. అలా పడలేదు. అండమాన్ దీవులు అంటాం, లక్షదీవులు అంటాం. కాకినాడ ఎదురుగా ఉన్నది హోప్ ఐలాండ్, దాన్ని లంక అని ఎవరూ అనరు. లంక అన్న మాట ఏట్లోనే ఉంది, లేదా ఏరు విడిచిన నేలమీద ఉంది.

కొల్లేటి_కొంగ
పదజాడ గారూ, ఒక సవరణ. ఏట్లోనే కాదు, కొల్లేట్లో కూడా లంకలున్నాయి. మా తాతగారి ఊరు అలాంటిదే. సరస్సు మధ్య మెరకల మీద కట్టుకున్న ఊళ్లను కొల్లేటి లంకలు, లంక గ్రామాలు అంటారు. పెద్దింట్లమ్మ గుడి ఉన్న కొల్లేటికోట కూడా అలా నీటి నడిమి ఊరే. వానాకాలం ఇంటి మెట్లదాకా నీళ్లు, వేసవిలో చుట్టూ బీడు. కాబట్టి మంచినీటి నడిమి మెరక అంటే అన్నిటికీ సరిపోతుంది.

పదజాడ
నిజమే, కొల్లేరు కలపాల్సిందే. కొల్లేరు కూడా కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిందే కాబట్టి మాట అటూ ఇటూ పాకడంలో వింత లేదు. నా వాదనకు ముఖ్యమైనది సముద్రం కాకపోవడం.

కావేరితీరం
నేను ఉద్యోగరీత్యా తిరుచ్చిలో ఉంటాను. తమిళం వైపు నుంచి ఒక సంగతి. రావణుడి లంకనూ శ్రీలంక దేశాన్నీ తమిళులు ఇలంగై అంటారు. పక్కనే ఉన్న దేశం, వాళ్లకు మనకంటే బాగా తెలిసిన దేశం. కానీ కావేరి నడుమ ఉన్న దీవులను మాత్రం ఇలంగై అనరు. దానికి వేరే మాటలున్నాయి: అరంగం, తురుత్తి. శ్రీరంగంలోని రంగం ఆ అరంగమే, అంటే ఏటి నడిమి గడ్డ అని తమిళ నిఘంటువులు చెబుతాయి. కావేరి, కొళ్ళిడం నదుల మధ్య ఉన్న దీవి అది. పైన శ్రీరంగపట్నం, శివనసముద్రం కూడా కావేరి దీవులే, మూడు చోట్లా రంగనాథుడే. మలయాళంలో కూడా చిన్న దీవిని తురుత్తు అంటారు.

రావణుడి కథవల్లే ఏటి దీవికి లంక అన్న పేరు వస్తే, ముందు తమిళంలో రావాలి కదా? అక్కడ రాలేదు, గోదావరి దగ్గర వచ్చింది. పదజాడ గారు చెప్పిన రెండో దారికే ఇది బలం.

నడిగడ్డ_బిడ్డ
అన్నా, ఏటి నడిమి గడ్డ అన్నారు చూడండి, మా ఊరి పేరు వినిపించినట్టైంది. మాది గద్వాల వైపు. కృష్ణ, తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, ఆలంపురం ప్రాంతాన్నంతా నడిగడ్డ అంటాం. రెండు ఏర్ల నడుమ ఉన్న గడ్డ. కృష్ణలో దీవులకు కూడా మావైపు గడ్డ అనే పేరు. గుర్రంగడ్డ అని ఊరు ఉంది, చుట్టూ కృష్ణే. వరద వస్తే పుట్టి, పడవ తప్ప దారి లేదు. ఇంకొంచెం పైకి పోతే దత్తక్షేత్రం కురువపురం, దాన్ని కురుమగడ్డ అని కూడా అంటారు, అదీ కృష్ణ నడిమి దీవే. కన్నడంలో ఏటి దీవిని నడుగడ్డె అనే అంటారు. లంక అన్న మాట మావైపు పాటలో, పురాణంలో తప్ప వినలేదు.

మాకు గడ్డ అంటే ముద్దకట్టిన గట్టి వస్తువు. మట్టిగడ్డ, ఉల్లిగడ్డ, పెరుగు గడ్డకట్టింది అంటాం. నీళ్లలో తేలిన నేల ముద్ద కాబట్టి గడ్డ. ఒడ్డును కూడా గడ్డే అంటాం. కష్టంలోంచి బయటపడితే గడ్డకెక్కినం అంటాం.

వంశధార
శ్రీకాకుళం, విజయనగరం వైపు పిల్లలు ఇది చదివితే తికమకపడతారు కాబట్టి చెబుతున్నా. మావైపు గెడ్డ అంటే నేల కాదు, నీళ్లు. కొండమీంచి దిగే వాగును గెడ్డ అంటాం. విశాఖ దగ్గర మేహాద్రిగెడ్డ, విజయనగరం వైపు పెద్దగెడ్డ, వట్టిగెడ్డ రిజర్వాయర్లు అలా వచ్చిన పేర్లే. పాప పట్టికలో గడ్డ, గెడ్డ రెండూ పెడితే అర్థాలు విడిగా రాయించండి.

దివిసీమ_రైతు
నడిగడ్డ అన్న గారి మాట చదవగానే మా పటం కళ్లముందు కదిలింది. కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి దివిసీమను చుట్టుకుంటుంది. పులిగడ్డ, అవనిగడ్డ రెండూ గడ్డలే. అక్కడినుంచి సముద్రం వైపు దిగితే నాగాయలంక. సీమ పేరు దివి, అది ద్వీపం, దీవి అన్న మాటే. గడ్డ, లంక, దివి మూడూ ఒకే చోట కలిశాయి. ఇన్నేళ్లుగా ఆ రోడ్డుమీద తిరుగుతూ ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

అవనిగడ్డకు స్థలపురాణం వేరే చెబుతారు. అవనిజ అంటే సీతమ్మ, అందుకని అవనిజపురం, అదే అవనిగడ్డ అయిందని. పెద్దలు చెప్పిన కథ, గౌరవిస్తాను. కానీ పక్కనే పులిగడ్డ ఉన్నప్పుడు గడ్డ అన్న ముక్కకు నేలను బట్టి అర్థం చెప్పుకోవడమే నాకు సబబుగా ఉంది.

పదజాడ
అద్భుతమైన వరస ఇది. పైన గడ్డ, డెల్టాలో గడ్డ, లంక రెండూ. గోదావరి డెల్టాలో లంకదే రాజ్యం.

భాషవైపు నుంచి ఇంకో సాక్ష్యం ఉంది. ద్రావిడ భాషల్లో పాత మాటలు ల, ర అక్షరాలతో మొదలుకావు. మన తెలుగులో అలా మొదలయ్యే దేశి మాటలు చాలావరకు అక్షరాలు తారుమారై వచ్చినవే. తమిళ ఇరండు మనకు రెండు, ఉరల్ మనకు రోలు, ఉళ్ మన లో. లంక అలా తారుమారై పుట్టిందనడానికి ముందటి రూపం ఏదీ దొరకదు. తమిళం ముందు ఒక ఇ తగిలించి ఇలంగై చేసుకుందంటే వాళ్లకూ అది బయటనుంచి వచ్చిన మాటే. సంస్కృతంలోనూ దీనికి గట్టిగా నిలిచే ధాతువు లేదు. అందుకే లంక ద్రావిడమూ కాదు, సంస్కృతమూ కాదు, తూర్పు, మధ్య భారతంలో ఉన్న ముండా కుటుంబపు భాషలనుంచి వచ్చి ఉండవచ్చని కొందరు పండితులు అన్నారు.

దీని ఆధారంగానే రావణుడి లంక సింహళం కాదన్న వాదం కూడా వచ్చింది. సర్దార్ ఎం.వి. కిబే అమరకంటక దగ్గర అన్నారు. టి. పరమశివ అయ్యర్ 1940లో జబల్పూర్ దగ్గరి ఇంద్రాణా కొండను చూపించారు. తర్వాత పురాతత్వవేత్త హెచ్.డి. సంకాలియా కూడా మధ్యభారతం వైపే మొగ్గారు. లంక అనేది ఒకే ఒక చోటి సొంత పేరు కాదు, అలాంటి నేల ఎక్కడ ఉన్నా పెట్టే పేరు అన్నది ఆ వాదనలో ఒక ముక్క. వాళ్లు చూపిన చోట్లతో నేను ఏకీభవించను, కానీ ఆ ముక్క మాత్రం సరైనదే అనిపిస్తుంది.

వంశధార
ఒడిశాలో దీనికి తోడు ఉంది. మహానది ఒడ్డున సోన్‌పూర్‌ను పశ్చిమ లంక అనేవారు. అక్కడి పాలకుడు సోమేశ్వరదేవుడు పశ్చిమ లంకాధిపతి అన్న బిరుదు పెట్టుకున్నాడు. మహానదిలో రాళ్ల నడుమ లంకేశ్వరి అమ్మవారు కూడా ఉంది. సముద్రానికి అంత దూరంలో, ఏటి ఒడ్డునే మళ్లీ లంక.

సాహితీప్రియ
నాకు ఈ వాదన పూర్తిగా నచ్చలేదు, కోపగించుకోకండి. ముండా మాట అంటున్నారు, ఆ భాషల్లో ఇప్పుడు వాడుకలో ఉన్న మాట, దాని అర్థం పక్కాగా చూపించాలి కదా? సోన్‌పూర్ వాళ్లు రామాయణం విని గొప్పకోసం పెట్టుకున్న బిరుదు కావచ్చు. వారణాసిలో విశ్వవిద్యాలయం పక్కన లంక అన్న పేట ఉంది, అది రామలీలలో లంక ఘట్టం ఆడే చోటు కాబట్టి వచ్చిన పేరు అంటారు. బెంగాలీలో లంక అంటే ఏకంగా మిరపకాయ! కథ ఎంత దూరమైనా పోతుంది.

పదజాడ
కోపమెందుకండీ, అడగాల్సిన ప్రశ్నే. ముండా మూలాన్ని నేను తేలిపోయిన సంగతిగా చెప్పడం లేదు. బిరుదులు, పేటలు కథనుంచి పుడతాయన్నదీ ఒప్పుకుంటాను. రాజుకు బిరుదు కావాలి, రామలీలకు రంగస్థలం కావాలి. కానీ పడవలో నాగలి వేసుకుపోయే రైతు తన పొలానికి రాక్షసుడి పట్నం పేరు ఎందుకు పెట్టుకుంటాడు? అదీ ఒక్క చోట కాదు, రెండు నదుల పొడవునా, వందల చోట్ల? ఊళ్ల పేర్లు చూడండి. బూరుగులంక, పిచ్చుకలంక అని చెట్టును బట్టి, పిట్టను బట్టి. మద్దూరులంక, పెదపూడిలంక అని గట్టుమీది తల్లి ఊరిని బట్టి. కొండ, చెరువు అన్నట్టే వాడారు. ఒక్క రాముడి ఛాయ, సీత ఛాయ వాటిలో లేదు.

సాహితీప్రియ
ఊళ్ల పేర్ల మాట బలంగానే ఉంది. మూలం సంగతి మాత్రం నేను ఖాళీగానే ఉంచుతాను.

ఆనకట్ట
ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను. పిచ్చుకలంక, మద్దూరులంక పేర్లు వచ్చాయి కాబట్టి చెప్పకుండా ఉండలేను. ధవళేశ్వరం దగ్గర గోదావరి వెడల్పు లంకలతో కలిపి దాదాపు 6 కిలోమీటర్లు. ఆ ప్రవాహాన్ని పిచ్చుకలంక, బొబ్బర్లంక, మద్దూరులంక నాలుగు పాయలుగా విడగొట్టాయి. అందుకే పాత ఆనకట్టకు ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేయగలిగాడంటే, ఆ లంకలు చేసిన సాయం చిన్నది కాదు. ఒక పాయ తర్వాత ఒక పాయ పట్టుకుని కట్టుకుంటూ పోవచ్చు, మనుషులకు, రాళ్లకు, సున్నానికి నడుమ నిలబడే చోటు దొరికింది. లంకలు లేని చోట అంత వెడల్పు ఏటికి ఆ రోజుల్లో అడ్డుకట్ట వేయడం ఎంత కష్టమో ఊహించండి.

వరద విషయానికొస్తే ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. టీవీలో మొదటి హెచ్చరిక అని స్క్రోలింగ్ వస్తే పట్నంవాళ్లకు అది వార్త, లంకవాళ్లకు సామాను అటకెక్కించే టైము. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. ఆ ఏడాది వరదకు కొట్టుకుపోయిన లంకలూ ఉన్నాయి, కొత్తగా వేసిన మేటలూ ఉన్నాయి.

గోదారిగట్టు
ఆ 86 వరద పేరు చెబితే మా నాన్నగారు ఇప్పటికీ కాసేపు మాట్లాడరు సార్.

మావైపు జులైలో ఎర్రనీరు వచ్చిందంటే పి.గన్నవరం దగ్గర ఊడిమూడిలంక, బూరుగులంక, పెదపూడిలంకలకు వెళ్లే బాట తెగిపోతుంది. అక్కడినుంచి నెలలపాటు పడవే. బడికి వెళ్లే పిల్లలు, నిండు చూలాలు, పాల క్యాన్లు, అరటి గెలలు అన్నీ ఒకే పడవలో. కార్తీకానికి నీరు తీస్తే మళ్లీ పొలంలోకి దిగుతాం. లంకలో మిరప, కూరగాయలు, అరటి, కంద బాగా పండుతాయి. వరి మా నేలకు పడదు, కింద ఇసుక కాబట్టి నీరు నిలవదు. ఒకప్పుడు పొగాకుదే పెద్దపీట. లంక పొగాకు చుట్ట అంటే ఆ ఘాటే వేరు.

పదజాడ
పొగాకు మాట ఎత్తారు కాబట్టి ఇది చెప్పాలి. ఇంగ్లీషువాళ్లు ఆ చుట్టనే లంక అన్నారు. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో లుంకా అన్న మాట ఉంది. గోదావరి డెల్టా లంకల్లో పండిన పొగాకుతో చుట్టిన ఘాటైన చుట్ట అని, స్థానికంగా ఆ దీవులను లంక అంటారు కాబట్టి ఆ పేరని వివరం. షెర్లాక్ హోమ్స్ కథలో కూడా బూడిదను బట్టి పోల్చుకునే చుట్టల్లో అదొకటి. రావణుడికీ ఆ చుట్టకూ సంబంధమే లేదు, మా లంక రైతు నోట విన్న మాటే అటు పోయింది.

బ్రహ్మపుత్ర
గువాహతిలో ఉంటున్న తెలుగువాణ్ణి. ఇక్కడ బ్రహ్మపుత్రలో అచ్చంగా మీరు చెప్పినలాంటి నేలే ఉంది, చాపోరి అంటారు. బెంగాల్ వైపు చర్. ఒండ్రు మేట, రెల్లు, కోత, పడవ, పట్టాల తగాదా, అన్నీ సేమ్. అవి పుట్టేది, పోయేది ఒకే తీరు కాబట్టి జనం వాటికి దీవి అన్న మాటతో సరిపెట్టుకోలేదు, వేరే పేరే పెట్టుకున్నారు.

లంకెబిందె
ఒక చిన్న సందేహం. లంకెబిందెల్లోని లంకె, ఈ లంక ఒకటేనా? మా మామయ్య అలాగే చెబుతారు, లంకల్లో దొరికే బిందెలని.

పదజాడ
కాదండీ. లంకె అంటే ముడి, జోడీ. రెండు బిందెలు కలిపి కట్టి ఉంచుతారు కాబట్టి లంకెబిందెలు.

వేకువచుక్క
ఇంత సమాధానం వస్తుందనుకోలేదు. అమ్మాయి చేత ఇలా రాయించాను, సరిచూడండి: "లంక: నది లేదా సరస్సు నడుమ, ఏటిగట్టు లోపల వరద ఒండ్రుతో ఏర్పడిన సాగునేల. కృష్ణ ఎగువన గడ్డ అంటారు. సముద్రంలో ఉంటే దీవి." కింద గుర్రంగడ్డ, పులిగడ్డ, నాగాయలంక, పిచ్చుకలంక పటంలో చుక్కలు పెట్టింది. ఇంకో ప్రశ్న అడుగుతోంది: కడియపులంక నర్సరీలకు మేం కారులోనే వెళ్లాం, పడవ ఎక్కలేదు. మరి అది లంక ఎలా అవుతుంది?

గోదారిగట్టు
పట్టిక బాగుంది తల్లీ. ఒక్క మాట మార్చు, "సాగునేల" బదులు "సాగుకు వచ్చిన నేల" అని రాయి. తిప్పకూ లంకకూ తేడా అక్కడే ఉంది.

కడియపులంక సంగతి. ఇప్పుడు అది పెద్ద రోడ్డు పక్కన ఉన్న ఊరు, పడవ అక్కర్లేదు. కానీ అక్కడి మట్టి చేతిలోకి తీసుకుని చూడు. మెత్తటి ఒండ్రు, నలిపితే సన్న ఇసుక తగులుతుంది, నీరు పోస్తే ఇట్టే దిగిపోతుంది. మొక్క వేరు సులువుగా పారుతుంది, వేరు తెగకుండా మొక్కను మట్టితో సహా తీయొచ్చు. నర్సరీలకు అంతకంటే ఏం కావాలి? గట్టు కట్టాక, పాయ దూరం జరిగాక కూడా పేరు అలాగే ఉండిపోయింది. డెల్టా పటంలో ఇలా నీళ్లు లేని లంకలు వెతికి చూడండి, ఏరు ఒకప్పుడు ఏ దారిన పోయిందో తెలుస్తుంది.

ఆనకట్ట
ఆ పని చేయాలంటే పాత టోపోషీట్లు, అంటే సర్వే పటాలు, ఇప్పటి ఉపగ్రహ చిత్రం పక్కపక్కన పెట్టుకోండి. పాత పాయల గుర్తులు ఉపగ్రహ చిత్రంలో వంకర గీతల్లా ఇప్పటికీ కనిపిస్తాయి, వాటి వెంబడే లంక అన్న పేర్లు వెతకండి. మాటలవైపు నుంచి అయితే, భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో తెచ్చిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం లైబ్రరీలో అడగండి. ఏ మాట ఏ జిల్లాలో పలుకుతారో అందులో విడివిడిగా ఇచ్చారు. అమ్మాయికి తర్వాతి ప్రాజెక్టుకు కూడా పనికొస్తుంది.

నడిగడ్డ_బిడ్డ
గద్వాల వైపు పేర్లు నేను రాసి పంపుతా. మా పెద్దమ్మ గుర్రంగడ్డ అవతలి రేవు ఊరిదే, ఏటి నడుమ ఎన్ని గడ్డలున్నాయో, ఒక్కోదాన్ని ఏమంటారో ఆమెకు నోటికొచ్చు. ఆదివారం పోతున్నా, అడిగి ఇక్కడే పెడతా.